కాలేజీ ఆటల్లో తలదెబ్బలు, ఎన్‌సీఏఏ సెటిల్‌మెంట్: డబ్బు వస్తుందా, రాదా?

సాకర్_అమ్మ
మా అమ్మాయి పెన్సిల్వేనియాలో ఒక చిన్న డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో మూడో స్థాయి) కాలేజీకి గోల్‌కీపర్‌గా ఆడింది, 2010 నుంచి 2014 దాకా. రెండు కంకషన్లు (తలదెబ్బకి మెదడు అదిరిపోవడం) అయ్యాయి. రెండోది 2012లో. గోల్‌పోస్టుకి తల కొట్టుకుని కాసేపు ఎక్కడున్నానో తెలియలేదంది, అయినా సెకండ్ హాఫ్‌లో మళ్ళీ దింపారు. ఇప్పుడు వారంలో సగం రోజులు తలనొప్పి, వెలుతురు పడదు, ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఏం చెబుతోందో మర్చిపోతుంది. మా ఆయన ఆఫీసులో ఒకాయన "ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంఘం) వాళ్ళు ఏడున్నర కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకున్నారు, ఫారం నింపితే చెక్కు వస్తుంది" అన్నారట. వెబ్‌సైట్లో చూస్తే చెక్కు ఊసే లేదు, ఆరోగ్యం గురించి ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. ఈలోగా ఏదో లాయర్ ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు, సంతకం పెట్టండి, సంతకం పెట్టండి అని. అసలు ఇదేంటో తెలిసినవాళ్ళు చెప్పండి. డబ్బు కూడా కావాలి, అందులో దాపరికం ఏముంది, దాని వైద్యం ఖర్చులో ఇన్సూరెన్స్ ఇచ్చేది కొంతే.

డల్లాస్_ప్రసాదు
ఏడున్నర కోట్లు వినడానికి పెద్దగానే ఉంటుంది. ఆ సెటిల్‌మెంట్ కిందికి వచ్చే పాత, అప్పటి ఆటగాళ్ళు 40 లక్షల పైనే. పంచితే మనిషికి పద్దెనిమిది, పంతొమ్మిది డాలర్లు. ఇక్కడ బిర్యానీ, ఒక మ్యాంగో లస్సీ. లస్సీకి టిప్ మీరే వేసుకోవాలి.

కోర్టుపక్షి
పంచడం లేదు ప్రసాదు గారూ, అసలు విషయం అదే. చికాగోలో లా ఆఫీసులో పారాలీగల్‌ని (లాయర్లకి కేసు పనిలో సాయం చేసే ఉద్యోగం), ఈ కేసులో మా ఆఫీసు లేదు గానీ మొదటినుంచీ చదువుతూనే ఉన్నా, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

2011లో ఈస్టర్న్ ఇల్లినాయ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అదే, సాకర్ కాదు) ఆటగాడు ఏడ్రియన్ ఆరింగ్టన్ చికాగో ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. తర్వాత దేశమంతా వేసిన అలాంటి దావాలన్నీ కలిపి జడ్జి జాన్ లీ దగ్గర పెట్టారు. 2014లో రెండు పక్షాలూ ఒప్పందానికి వచ్చాయి, ఆ ఏడాది చివర్లో జడ్జి దాన్ని వెనక్కి కొట్టేశారు. మార్పులు చేసుకొచ్చాక 2016లో ప్రాథమికంగా ఒప్పుకున్నారు. తుది ఆమోదం 2019 ఆగస్టులో. దావా వేసినప్పుడు ఫస్టియర్ చదివే పిల్లాడు ఈపాటికి ఉద్యోగంలో చేరి పెళ్ళి కూడా చేసుకుని ఉంటాడు.

ఇక డబ్బు. ఏడు కోట్ల డాలర్లు వైద్య పరీక్షల నిధికి, యాభై లక్షలు కంకషన్ పరిశోధనకి. లాయర్ల ఫీజు, నిర్వహణ ఖర్చు కూడా ఆ ఏడు కోట్లలోంచే. గాయపడినవాళ్ళకి నష్టపరిహారం కింద ఒక్క డాలర్ కూడా లేదు. 2016 జూలై 15న గానీ అంతకు ముందు గానీ ఎన్‌సీఏఏ గుర్తింపు ఉన్న ఏ ఆట ఆడినా ఇందులోకి వస్తారు. ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, మీ అమ్మాయి సాకర్ కూడా. దెబ్బ తగిలి ఉండాలన్న షరతు కూడా లేదు. ఆవిడ ఆ ప్రశ్నల ఫారం నింపాలి. జవాబులు చూసి అవసరం అనుకుంటే వాళ్ళు నిర్ణయించిన సెంటర్‌లో ఉచితంగా పరీక్షలు చేయిస్తారు. ఈ ఏర్పాటు 50 ఏళ్ళు నడుస్తుంది, అన్నేళ్ళలో ఒక మనిషికి గరిష్ఠంగా రెండుసార్లు ఆ పరీక్షలు. రిపోర్టు చేతికిస్తారు. వైద్యం మాత్రం మన ఖర్చే.

ఓరుగల్లు_వంశీ
ఇదెక్కడి న్యాయం అన్నా. తల పగలగొట్టి, పగిలిందో లేదో చూసి కాగితం ఇస్తామంటే ఎట్లా?

సాకర్_అమ్మ
అంటే జబ్బుందని చెప్పి పంపించేస్తారా? మందులకి కూడా ఇవ్వరా?

కోర్టుపక్షి
ఇవ్వరండి. కానీ ఇది ఒప్పుకున్నంత మాత్రాన మీ అమ్మాయి సొంతంగా దావా వేసే హక్కు పోలేదు, ఇది గట్టిగా పట్టుకోండి. మొదటి ఒప్పందాన్ని జడ్జి తిప్పి పంపడానికి ఉన్న కారణాల్లో ఒకటి అదే. నష్టపరిహారం కోసం జనం కలిసికట్టుగా వేసే క్లాస్ దావాల హక్కుని పూర్తిగా రాసిచ్చేయమన్నారు, బదులుగా ఇచ్చింది పరీక్షలు. చికాగో లాయరే జే ఎడెల్సన్ అనే ఆయన దాని మీద గట్టిగా పోట్లాడారు. చివరికి తేలింది ఏమిటంటే, దేశమంతా కలిపి ఒకే పెద్ద దావా కుదరదు, ఒక కాలేజీ ఒక ఆట అని విడివిడిగా వేసుకోవచ్చు, ఒంటరిగా అయితే ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఆ తర్వాత అలా కాలేజీలవారీగా వందల దావాలు పడ్డాయి.

డల్లాస్_ప్రసాదు
"ఎప్పుడైనా" అనకండి సార్, కాలపరిమితి ఉంటుంది కదా. టెక్సాస్‌లో గాయాలకి రెండేళ్ళు.

కోర్టుపక్షి
అవును, "ఎప్పుడైనా" అన్నది సెటిల్‌మెంట్ అడ్డురాదు అనే అర్థంలో. కాలపరిమితి వేరే సంగతి, రాష్ట్రానికొక రకం, ఆ లెక్క ఎప్పటినుంచి మొదలవుతుందన్నదే ప్రతి కేసులో అసలు కొట్లాట.

ఒహాయో_విజయ
దాని గురించి నేను చెప్తాను, మా రాష్ట్రం కేసే. స్టీవెన్ ష్మిట్జ్ అని నోటర్‌డేమ్ యూనివర్సిటీకి 1970ల్లో ఫుట్‌బాల్ ఆడినాయన. నలభై ఏళ్ళ తర్వాత క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మెదడు జబ్బు సంగతి చెప్పారు. 2014లో దావా వేశారు, 2015 ఫిబ్రవరిలో ఆయన పోయారు, భార్య కొనసాగించింది. కాలేజీ, ఎన్‌సీఏఏ ఏమన్నాయంటే దెబ్బ తగిలింది డెబ్బైల్లో, గడువు ఎప్పుడో పోయింది అని. కింది కోర్టు వాళ్ళ మాటే విన్నది. 2018 అక్టోబర్‌లో ఒహాయో సుప్రీంకోర్టు ఆ దశలోనే కేసు కొట్టేయడానికి వీల్లేదంది. తల తిరిగినట్టు ఉండటం వేరు, ఆ దెబ్బల వల్ల మెదడు జబ్బు వచ్చిందని తెలియడం వేరు, జబ్బు తెలిసిన రోజునుంచి గడువు లెక్కపెట్టే వీలుంది అని. కాబట్టి సాకర్_అమ్మ గారూ, మీ అమ్మాయికి ఏ డాక్టరు ఏ తేదీన ఏం చెప్పారో ఆ కాగితం చాలా ముఖ్యం. ఆ తేదీ నుంచే గడియారం నడుస్తూ ఉండొచ్చు.

బెజవాడ_బ్యాటర్
మా క్రికెట్‌లో ఎంత హాయి. తలకి తగిలితే వేరేవాణ్ణి దింపొచ్చు, 2019 ఆగస్టు నుంచి రూలే ఉంది. యాషెస్‌లో స్మిత్ బదులు లబుషేన్ వచ్చాడు చూడండి.

ఓరుగల్లు_వంశీ
కాన్‌బెరాలో జడేజా బదులు చహల్ దిగి మూడు వికెట్లు తీశాడు గదా, అది కూడా చెప్పు. ఆస్ట్రేలియా కోచ్ మొహం ఇప్పటికీ గుర్తుంది.

బెజవాడ_బ్యాటర్
హహ. అయినా రూలు రూలే. బదులు మనిషి ఉంటే దెబ్బ తగిలినవాణ్ణి బయటికి పంపడానికి కెప్టెన్‌కి చెయ్యి వస్తుంది.

న్యూరో_సుజాత
క్రికెట్ ముచ్చట బాగుంది గానీ ఆ అమ్మాయి సంగతికి వస్తాను. నేను న్యూరాలజిస్టుని, ఇలాంటి పేషెంట్లని చూస్తుంటాను. ఇక్కడ ఎవరో ఒకరు సీటీఈ (పదే పదే తలదెబ్బలు తగలడం వల్ల వచ్చే మెదడు జబ్బు) మాట ఎత్తుతారు, అంతకంటే ముందే చెప్తున్నా. సీటీఈ అని ఖాయంగా చెప్పగలిగేది మనిషి పోయాక మెదడు కణజాలం పరీక్షించినప్పుడే. బతికున్న మనిషికి స్కాన్ తీసి మీకు సీటీఈ ఉందని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి. బోస్టన్ యూనివర్సిటీలో డాక్టర్ ఆన్ మెకీ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో దానం చేసిన 202 ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూశారు, 177 మందిలో కనిపించింది. కాలేజీ దాకా ఆడినవాళ్ళు 53 మందిలో 48. భయపెట్టే అంకెలే. కానీ ఇంట్లో మనిషి తేడాగా ప్రవర్తించడం చూసిన కుటుంబాలే ఎక్కువగా మెదడు దానం చేస్తాయి, కాబట్టి ఆడినవాళ్ళందరిలో పదికి తొమ్మిది మందికి ఉందని లెక్క కట్టకూడదు. పైగా అది ఏళ్ళ తరబడి వేల గుద్దులు తిన్న ఫుట్‌బాల్ వాళ్ళ సంగతి.

సాకర్_అమ్మ గారూ, మీరు చెప్పిన లక్షణాల్లో చాలావాటికి చికిత్స ఉంది. కంకషన్ తర్వాత మొదలైన మైగ్రేన్, మెడ నొప్పి వల్ల వచ్చే తలనొప్పి, నిద్ర చెడటం, కళ్ళు రెండూ కలిసి పనిచేయకపోవడం, చెవి లోపలి బ్యాలెన్స్, డిప్రెషన్. ఒక్కోటి విడిగా చూస్తే చాలామంది బాగుపడతారు. కేసు సంగతి ఎలా ఉన్నా ముందు అది చేయించండి. రోజూ నొప్పి మాత్రలు వేసుకుంటోందా? వాటివల్లే తలనొప్పి తిరగబెట్టే రకం కూడా ఉంది.

సాకర్_అమ్మ
రోజూ వేసుకుంటుందండి. ఎవరూ వద్దనలేదు మాకు.

న్యూరో_సుజాత
ముందు ఆ సంగతి డాక్టరుతో మాట్లాడమనండి. ఒక్కసారిగా సొంతంగా మానేయొద్దు, ప్లాన్ ప్రకారం తగ్గించాలి.

లైన్‌మన్_నాన్న
నా మాట నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. మా వాడు హ్యూస్టన్ దగ్గర హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతాడు, మన తెలుగువాళ్ళ పిల్లల్లో ఆ లైన్‌లో నిలబడేవాడు స్కూలు మొత్తానికి వీడొక్కడే. గుద్దుకునే ఆట అని వాడికీ తెలుసు, మాకూ తెలుసు, సంతకం పెట్టే పంపాం. ముప్ఫై ఏళ్ళ తర్వాత వచ్చి నాకు తెలియదు, డబ్బివ్వండి అంటే ఎలా? మాథ్యూ గీ కేసులో జ్యూరీ కూడా అదే కదా అన్నది. యూఎస్‌సీకి (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) ఆడిన లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ఒక పొజిషన్), 49 ఏళ్ళకి 2018లో పోయాడు, భార్య 5.5 కోట్ల డాలర్లు అడిగింది, 2022 నవంబర్‌లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఎన్‌సీఏఏ తప్పు లేదంది.

ఒహాయో_విజయ
ఆ కేసులో జ్యూరీ ముందుకి ఆయన మద్యం అలవాటు, డ్రగ్స్, లివర్ జబ్బు అన్నీ తెచ్చారు, చావుకి కారణం అవే అన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పండి. 1989 యూఎస్‌సీ టీమ్‌లో గీతో పాటు ఆడిన లైన్‌బ్యాకర్లలో, ఆయనతో కలిపి ఐదుగురు యాభై ఏళ్ళు నిండకుండా పోయారు. జూనియర్ సేయావ్ ఒకరు, 43కే పోయారు. ఒక్క టీమ్, ఒక్క పొజిషన్. నాకైతే అది చదివాక నిద్ర పట్టలేదు.

ట్రైనర్_కిరణ్
లైన్‌మన్_నాన్న గారి ప్రశ్నకి నేను జవాబిస్తాను, నాకు ఈ విషయంలో కడుపు మండుతుంది. డివిజన్ టూ కాలేజీలో అథ్లెటిక్ ట్రైనర్‌గా, అంటే ఆటగాళ్ళ గాయాలు చూసే మనిషిగా పనిచేశాను. గుద్దుకోవడం ఆటలో భాగం, ఒప్పుకుంటాను. అవతలి టీమ్ వాడు తగిలించాడని ఎవరూ దావా వేయట్లేదు. కళ్ళు తేలేసిన పిల్లాణ్ణి, స్కోరు ఎంతో చెప్పలేని పిల్లాణ్ణి పావుగంటకి మళ్ళీ లోపలికి పంపడం ఆటలో ఏ భాగమండీ? దానికి మీరు సంతకం పెట్టారా? మెదడు ఇంకా తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం పోవచ్చు, ఇది కోచ్‌కి తెలుసు, కాలేజీకి తెలుసు, పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి తెలియదు, తెలిసినా ఆ క్షణంలో వాడి మెదడు పనిచేసే స్థితిలో ఉండదు. రిస్క్ ఒప్పుకున్నాడు అనాలంటే ఒప్పుకునే తెలివి ఉండాలి కదా అప్పుడు. నేను వద్దన్న పిల్లల్ని హెడ్ కోచ్ దింపిన రోజులున్నాయి. ఎదురు మాట్లాడితే నా కాంట్రాక్టు రెన్యువల్ చేసేది కూడా ఆయన చేతి కిందివాళ్ళే.

2016లో పెద్ద కాన్ఫరెన్సులు (కాలేజీల లీగ్‌లు) రూలు పెట్టుకున్నాయి, ఆటగాడు ఆడాలా వద్దా అన్నది డాక్టరు, ట్రైనర్ చెప్పిందే ఆఖరి మాట, కోచ్ కల్పించుకోకూడదని. ఆ రూలు నా రోజుల్లో ఉంటే ఎంత ధైర్యంగా ఉండేది.

ఓరుగల్లు_వంశీ
కిరణ్ అన్నా, సూపర్ చెప్పినవ్.

లైన్‌మన్_నాన్న
దెబ్బ తగిలాక మళ్ళీ దింపడం తప్పే, అక్కడ నేను మీతోనే ఉన్నా. కానీ అది చేసింది కోచ్, కాలేజీ. ఇండియానాపొలిస్‌లో కూర్చున్న ఎన్‌సీఏఏని ఎందుకు లాగడం?

కోర్టుపక్షి
ఎందుకంటే 1906లో అది పుట్టిందే ఫుట్‌బాల్‌లో పిల్లలు చచ్చిపోతున్నారని, ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఒత్తిడి మీద. 1933లోనే వాళ్ళ వైద్య పుస్తకంలో కంకషన్‌ని తేలిగ్గా తీసుకోవద్దు, విశ్రాంతి ఇవ్వాలి అని రాసుకున్నారు. తెలిసీ దశాబ్దాల పాటు రూలు పెట్టలేదన్నది ఈ దావాలన్నిటి సారం. కంకషన్ ప్లాన్ ఉండాలని కాలేజీలకి చెప్పింది 2010లో. అది కూడా ప్లాన్ రాసుకోండి అని చెప్పడమే, పాటించారో లేదో చూసే నాథుడు లేడు.

డెరెక్ షీలీ సంగతి వినే ఉంటారు. మేరీలాండ్‌లో ఫ్రాస్ట్‌బర్గ్ స్టేట్, డివిజన్ త్రీ, అంటే అథ్లెటిక్ స్కాలర్‌షిప్ కూడా ఉండదు. 2011 ఆగస్టు ప్రాక్టీసుల్లో రోజుల తరబడి నుదురు చిట్లి రక్తం కారుతుంటే కట్టు కట్టి మళ్ళీ పంపారని, తల బాగాలేదంటే కోచ్ తిట్టాడని దావాలో రాశారు. 22 ఏళ్ళ పిల్లాడు కుప్పకూలి మళ్ళీ లేవలేదు. ఆ కేసులో 2013 చివర్లో ఎన్‌సీఏఏ కోర్టుకి రాసిచ్చిన జవాబులో ఉంది, ఆటగాళ్ళని కాపాడే చట్టపరమైన బాధ్యత మాకు లేదు అని. బయట ప్రకటనల్లో మాత్రం పిల్లల క్షేమమే మా ధ్యేయం అంటారు. 2016లో ఆ కుటుంబంతో 12 లక్షల డాలర్లకి సెటిల్ అయింది, హెల్మెట్ కంపెనీ, కాలేజీ వైపు వాళ్ళు అందరూ కలిపి.

సాకర్_అమ్మ
2010లోనే ప్లాన్ ఉండాలని చెప్పారా? మా అమ్మాయిది 2012 అండి!

కోర్టుపక్షి
అదే మీ కేసులో బలమైన ముక్క. ఆ ప్లాన్‌లోనే కంకషన్ అని తేలినవాళ్ళని ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకూడదని ఉండాలి. కాలేజీ రాసుకున్న ప్లాన్ కాపీ సంపాదించండి. 2012 నాటిది కావాలి, ఇప్పటిది కాదు.

కాకినాడ_కుర్రాడు
నాదొక అనుమానం. మొన్న ఎక్కడో 280 కోట్ల డాలర్ల ఎన్‌సీఏఏ సెటిల్‌మెంట్ అని చదివాను, 2025లో. అందులో ఈవిడకి రాదా?

ఒహాయో_విజయ
అది హౌస్ అనే ఆటగాడి పేరు మీద నడిచిన కేసు. కాలిఫోర్నియాలో జడ్జి క్లాడియా విల్కెన్ 2025 జూన్‌లో ఆమోదించారు. ఆటగాళ్ళ పేరూ బొమ్మా వాడుకుని సంపాదించిన డబ్బులో వాటా గురించి అది, 2016 నుంచి ఆడినవాళ్ళకి. దెబ్బలకీ దానికీ సంబంధం లేదు. అందులోనూ ఎక్కువ భాగం పెద్ద కాలేజీల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మగపిల్లలకే.

కాకినాడ_కుర్రాడు
అంటే జెర్సీ మీద పేరుకి 280 కోట్లు, జెర్సీ లోపలి మనిషి తలకి ఏడున్నర కోట్లు.

డల్లాస్_ప్రసాదు
^ ఇది పైన పిన్ చేయాలి అడ్మిన్ గారూ.

కడప_కామేశం
ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) వాళ్ళకి మాత్రం తలదెబ్బల కేసులో నగదు ఇచ్చారు కదా. మరి కాలేజీ వాళ్ళకి ఎందుకు కాదు?

కోర్టుపక్షి
ఎన్‌ఎఫ్‌ఎల్‌ది ఫిలడెల్ఫియాలో జడ్జి అనిటా బ్రోడీ దగ్గర నడిచింది. మొదట 2013లో 76.5 కోట్లు అన్నారు, తర్వాత ఆ గరిష్ఠ పరిమితి తీసేశారు, ఇప్పటికి వంద కోట్ల డాలర్లు దాటింది. ఏఎల్‌ఎస్ (నరాలు దెబ్బతిని కండరాలు చచ్చుబడే జబ్బు) అయితే ఒకరికి 50 లక్షల దాకా, అల్జీమర్స్, పార్కిన్సన్స్ అయితే 35 లక్షల దాకా. వయసు, ఆడిన సీజన్లు బట్టి తగ్గుతుంది. అక్కడ ఉన్నది ఇరవై వేల చిల్లర మంది, అందరూ జీతం తీసుకున్న ఉద్యోగులు. ఇక్కడ 40 లక్షల మంది, ఈతగాళ్ళ నుంచి రెజ్లర్ల దాకా, జీతం లేనివాళ్ళు. ఆ జీతం లేకపోవడమే అన్నిచోట్లా అడ్డు. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు రే డెనిసన్ తలకి దెబ్బ తగిలి చనిపోతే, భార్య కార్మికుల నష్టపరిహారం అడిగింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు అతను ఉద్యోగి కాదు, ఇవ్వక్కర్లేదు అంది. అక్కడినుంచి ఈ రోజు దాకా పరిస్థితి దాదాపు అదే.

అలాగని ఎన్‌ఎఫ్‌ఎల్‌ది గొప్ప ఒప్పందమని కూడా కాదు. నల్లజాతి ఆటగాళ్ళ తెలివితేటలు మొదటినుంచీ తక్కువ అనే లెక్కతో పరీక్ష మార్కులు సవరించేవాళ్ళు, దాంతో వాళ్ళకి డిమెన్షియా ఉందని నిరూపించడం కష్టమయ్యేది. గొడవయ్యాక 2021లో అది మానేస్తామని ఒప్పుకున్నారు.

ఓరుగల్లు_వంశీ
ఛీ. ఇంత పచ్చిగానా?

నెల్లూరు_నర్సు
కాలేజీ వాళ్ళు ఎన్‌సీఏఏ మీద గెలిచిన కేసు ఒక్కటైనా ఉందా? అన్నీ ఓడిపోయినవో, గుట్టుగా సెటిల్ అయినవో చెబుతున్నారు.

లైన్‌మన్_నాన్న
ఉంది. 2025 అక్టోబర్‌లో సౌత్ కరొలైనా ఆరెంజ్‌బర్గ్‌లో జ్యూరీ 1.8 కోట్ల డాలర్లు ఇవ్వమంది, ఎన్‌సీఏఏ ఇవ్వాలని. రాబర్ట్ గెదర్స్, సౌత్ కరొలైనా స్టేట్‌కి 1977 నుంచి 1980 దాకా ఆడారు, ఇప్పుడు డిమెన్షియా. అందులో భార్యకి కూడా వాటా ఇచ్చారు. నేను వాదించే పక్షానికి ఇది వ్యతిరేకం, అయినా అడిగారు కాబట్టి రాశాను.

ఒహాయో_విజయ
భార్యకి ఇచ్చారా! ఆ మాట చాలు నాకు. డిమెన్షియా మనిషిని చూసుకునేవాళ్ళకి నిద్ర ఉండదు, ఉద్యోగం ఉండదు, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. టెక్సాస్‌లో గ్రెగ్ ప్లెట్జ్ కేసు కూడా భార్య వేసిందే. ఆయన 1960ల చివర్లో టెక్సాస్ యూనివర్సిటీకి ఆడారు, 2015లో పోయాక నాలుగో దశ సీటీఈ అని తేలింది. 2018లో డల్లాస్‌లో జ్యూరీ ముందు విచారణ మొదలైన మూడోరోజే సెటిల్ చేసుకున్నారు. ఎంతకన్నది బయటపెట్టలేదు.

డల్లాస్_ప్రసాదు
అలా గుట్టుగా సెటిల్ చేసుకోవడం మీదే నా అభ్యంతరం. ఆ కుటుంబాన్ని తప్పుపట్టను, ఎన్నేళ్ళని పోరాడతారు. కానీ సాక్షులు ఏం చెప్పేవాళ్ళో, ఏ కాగితాలు బయటపడేవో, మిగతా వాళ్ళకి తెలియకుండా పోయింది.

నెల్లూరు_నర్సు
ఒప్పుకోను ప్రసాదు గారూ. ఆవిడ భర్తని చూసుకుని చూసుకుని అలసిపోయిన మనిషి. దేశం కోసం ఇంకో ఐదేళ్ళు కోర్టు మెట్లెక్కు అని మనం ఎలా అంటాం? ఆ పని ప్రభుత్వం చేయాలి.

సాకర్_అమ్మ
కాలేజీకి మెయిల్ పెట్టాం, పాత మెడికల్ రికార్డులు అన్నేళ్ళు ఉంచం అన్నారు. ఇంకెక్కడ దొరుకుతాయి? ఆ లాయర్ ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు, ఈ వారంలో సంతకం పెట్టకపోతే అవకాశం పోతుందట.

కోర్టుపక్షి
"ఈ వారంలో" అనేవాళ్ళకి సంతకం పెట్టకండి. గడువు నిజంగా దగ్గరపడితే ఏ చట్టం ప్రకారం ఏ తేదీ అన్నది మెయిల్‌లో రాసి ఇమ్మనండి, నిజమైన లాయర్ అయితే రాస్తారు. పెన్సిల్వేనియాలో లైసెన్సు ఉన్నవాళ్ళని మీరే వెతుక్కుని మాట్లాడండి, మొదటి మాటలకి చాలామంది డబ్బు తీసుకోరు. ఇలాంటి కేసుల్లో గెలిస్తేనే ఫీజు, అది దాదాపు మూడోవంతు ఉంటుంది. ఓడిపోతే డాక్టర్ సాక్షుల ఖర్చు ఎవరిదన్నది కాంట్రాక్టులో చూడండి, అక్కడే చాలామంది ఇరుక్కుంటారు.

ట్రైనర్_కిరణ్
రికార్డులకి: ఆ రోజు గానీ మర్నాడు గానీ హాస్పిటల్‌కి వెళ్ళి ఉంటే అక్కడ అడగండి. కాలేజీ హెల్త్ సెంటర్ వేరు, అథ్లెటిక్స్ ఆఫీసు వేరు, రెండిటికీ విడివిడిగా రాయండి. సీజన్ మొదట్లో కంప్యూటర్ మీద బేస్‌లైన్ టెస్ట్ (దెబ్బ తగలకముందు జ్ఞాపకశక్తి, చురుకుదనం ఎలా ఉన్నాయో కొలిచేది) చేయించి ఉంటే దాని స్కోర్లు బయటి కంపెనీ సర్వర్‌లో ఉంటాయి, అప్పటి స్కోరుకీ ఇప్పటి దానికీ తేడా డాక్టరుకి చాలా ఉపయోగం. తోటి ఆటగాళ్ళతో అప్పటి మెసేజీలు, మ్యాచ్ వీడియో. గోల్‌కీపర్ కిందపడి మళ్ళీ దిగిందంటే ఏ తల్లో తండ్రో తీసిన వీడియోలో ఉండే ఉంటుంది.

సాకర్_అమ్మ
వీడియో మా ఆయనే తీసేవారు! అన్ని మ్యాచ్‌లూ. హార్డ్‌డిస్క్ అటక మీద ఉండాలి. ఇప్పుడే చెప్తాను.

నెల్లూరు_నర్సు
మా పాప తొమ్మిదేళ్ళది, సాకర్ ఆడుతుంది. ఇదంతా చదివి మాన్పించేద్దామా అనిపిస్తోంది.

న్యూరో_సుజాత
మాన్పించకండి. పదేళ్ళు, అంతకంటే చిన్నపిల్లలు తలతో బంతి కొట్టకూడదని యూఎస్ సాకర్ రూలు 2015లోనే వచ్చింది. పదకొండు నుంచి పదమూడేళ్ళ వాళ్ళకి ప్రాక్టీసులో పరిమితి ఉంది. అది కూడా ఒక దావా సెటిల్‌మెంట్ వల్లే వచ్చింది, దాంట్లో కూడా ఎవరికీ నగదు రాలేదు, రూలు మాత్రం మారింది. మీ కోచ్ పాటిస్తున్నాడో లేదో గ్రౌండ్‌కి వెళ్ళి చూడండి.

రూలు మారితే ఎంత తేడా వస్తుందో ఇంకోటి చెప్తాను. ఐవీ లీగ్ ఫుట్‌బాల్‌లో 2016లో కికాఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను) కొట్టే గీతని ఐదు గజాలు ముందుకి జరిపారు, బంతి వెనక్కి తెచ్చే పరుగులు తగ్గాలని. వెయ్యి కికాఫ్‌లకి సుమారు 11 కంకషన్లు అయ్యేవి, 2కి పడిపోయాయి. ఒక్క గీత జరిపితే. అందుకే నగదు లేదని ఆ చికాగో సెటిల్‌మెంట్‌ని పూర్తిగా తీసిపారేయలేను నేను. ప్రతి ఆటగాడికీ బేస్‌లైన్ టెస్ట్, కంకషన్ అయితే ఆ రోజు మళ్ళీ ఆడకూడదు, డాక్టర్ ఒప్పుకోవాలి, గుద్దుకునే ఆటల మ్యాచ్‌ల్లో శిక్షణ ఉన్న వైద్య సిబ్బంది ఉండాలి, ఇవన్నీ అందులో రాయించారు.

ఓరుగల్లు_వంశీ
డాక్టరమ్మా, రేపటి పిల్లలకి అది మంచిదే, కాదనను. నిన్న దెబ్బతిన్నోళ్ళ సంగతి ఏంది మరి? వాళ్ళ పేరు చెప్పుకునే గదా ఈ రూల్స్ తెచ్చుకున్నరు. వాళ్ళకి మందుల ఖర్చన్న ఇయ్యాలె.

న్యూరో_సుజాత
అందులో మీతో నాకు పేచీ లేదు వంశీ గారూ. కనీసం పరీక్షలో జబ్బు తేలినవాళ్ళకైనా చికిత్స ఇచ్చి ఉండాల్సింది. నా దగ్గరికి అలాంటి రిపోర్టు పట్టుకుని వచ్చిన పేషెంటుకి ఆ చికిత్సకి ఇన్సూరెన్స్ ఒప్పించడానికి నెలలు పట్టింది.

లైన్‌మన్_నాన్న
మా వాడి స్కూల్లో బేస్‌లైన్ టెస్ట్ ఉందో లేదో రేపు వెళ్ళి కనుక్కుంటాను. వాడు నిన్న ఒక మాట అన్నాడు, టెస్టులో కావాలని తక్కువ మార్కులు తెచ్చుకుంటారట కొందరు, తర్వాత దెబ్బ తగిలినా తేడా కనిపించకుండా. ఇది నిజమేనా కిరణ్ గారూ?

ట్రైనర్_కిరణ్
నిజమే. చేసేవాళ్ళని చూశాను. కొన్ని టెస్టుల్లో అలాంటివి పట్టుకునే లెక్కలు ఉన్నాయి గానీ అన్నీ దొరకవు. వాడితో మీరే మాట్లాడండి, కోచ్ చెబితే వినరు, ట్రైనర్ చెబితే అసలు వినరు. తలదెబ్బ దాచడం మగతనం అనుకుంటారు ఆ వయసులో. ఆడపిల్లలు కూడా తక్కువేం కాదు, టీమ్‌లో చోటు పోతుందని దాస్తారు.

కాకినాడ_కుర్రాడు
మా అన్నయ్య ఇక్కడ ఎమ్మెస్ చదివేటప్పుడు యూనివర్సిటీ క్లబ్ రగ్బీ ఆడాడు, 2013లో తలకి కుట్లు కూడా పడ్డాయి. తను ఆ ఫారం నింపొచ్చా?

కోర్టుపక్షి
క్లబ్ రగ్బీ అయితే రాదు, అది ఎన్‌సీఏఏ ఆట కాదు. యూనివర్సిటీ జట్టు తరఫున, ఎన్‌సీఏఏ గుర్తింపు ఉన్న ఆట ఆడి ఉండాలి. కుట్లు వేసిన హాస్పిటల్ రికార్డులు మాత్రం తెప్పించి పెట్టుకోమనండి, ఇప్పుడు అడిగితేనే దొరుకుతాయి.

నెల్లూరు_నర్సు
ఆ ప్రశ్నల ఫారం ఒక్కసారే నింపాలా, మళ్ళీ మళ్ళీ నింపొచ్చా? మా ఆడపడుచు కూతురు స్విమ్మింగ్, 2009 బ్యాచ్. ఇప్పుడైతే ఏ బాధా లేదు.

కోర్టుపక్షి
మళ్ళీ నింపొచ్చు. యాభై ఏళ్ళ వయసు వచ్చేదాకా ఐదేళ్ళకోసారి, ఆ తర్వాత రెండేళ్ళకోసారి. ఇప్పుడు అర్హత రాకపోయినా తర్వాత లక్షణాలు వస్తే మళ్ళీ ప్రయత్నించొచ్చు. పేరు రిజిస్టర్ చేయించి పెట్టమనండి.